ప్లాను మావ సర్దిన బల్ల

మొన్నొక రోజు పలాసలో ఇళ్ళ ప్లాన్లు గీసే మా సెంటర్‌కి కాస్త ఆలస్యంగా వెళ్ళాను. కొత్తగా చేరిన అమ్మాయి నా సిస్టం మీద ఎవరిదో ఇంటి ప్లాను సరిచేసి, నన్ను చూసి గబుక్కున లేచి పక్కకి వెళ్ళింది. కూర్చుని చూద్దును కదా, తెరంతా తారుమారు. కుడిపక్క నిలువుగా ఉండాల్సిన కొలతల గుర్తులు నెత్తికెక్కాయి. గోడలు గీసే గుర్తులు ఎక్కడికి పోయాయో జాడ లేదు. నాకు ఒళ్ళు మండి గట్టిగా అరిచాను.

"నా బల్లెవులు ముట్టుకున్నారు?"

ఆ పిల్ల బిత్తరపోయి నా ముందున్న చెక్కబల్ల కేసి చూసింది. "బల్ల నేను ముట్టుకోలేదండీ, కంప్యూటరే ముట్టుకున్నాను" అంది.

కోపమంతా ఎటో పోయి నవ్వొచ్చేసింది. ఎందుకంటే ఆ కేక నాది కాదు. ఆ మాటా నాది కాదు. టెక్కలిలో నాతో కలిసి పనిచేసిన ఒక పెద్దాయనది. ఆయన పోయి చాన్నాళ్ళయింది. ఆయన గొంతు నా నోట్లోంచి అలా ఊడిపడుతుందని నేనేనాడూ అనుకోలేదు.

ఆయన్ని అందరూ ప్లాను మావ అనేవారు. చిన్నా పెద్దా తేడా లేదు, అందరికీ మావే. టెక్కలి బస్టాండుకి దగ్గర్లో ఒక మేడ మీద ఇంజనీరు గారొకరికి ప్లాన్లు గీసే ఆఫీసు ఉండేది. అందులో ఎత్తు బల్ల ముందు నిలబడి, కిందది పైకి కనిపించే పల్చటి ట్రేసింగ్ కాయితం మీద ఇంకు పెన్నుతో ఇళ్ళు గీసేవాడు ఆయన. చుట్టుపక్కల ఊళ్ళలో అప్పట్లో లేచిన డాబాల్లో చాలావాటికి పుట్టుక ఆ బల్ల మీదే.

నేను సివిల్ డిప్లొమా చదివి, శ్రీకాకుళంలో కంప్యూటరు మీద ప్లాన్లు గీసే క్యాడ్ నేర్చుకుని, ఆ ఆఫీసులో చేరాను. మాది రావివలస. రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఇంజనీరు గారు అప్పుడే కొత్తగా ఒక కంప్యూటరు కొని పెట్టారు. దానికోసమే నన్ను తీసుకున్నారు.

మొదటిరోజు మెట్లెక్కి లోపలికి అడుగుపెడితే చంటిపిల్లలున్న ఇంటి వాసన వచ్చింది. తర్వాత తెలిసింది, అది మావ పౌడరు డబ్బా. చెమట చెయ్యి తగిలితే ట్రేసింగ్ కాయితం పాడైపోతుందని, పని మొదలుపెట్టే ముందు అరచేతికి పౌడరు రాసుకునేవాడు. ఎన్నేళ్ళ అలవాటో అది. తర్వాత మౌస్ పట్టుకున్నప్పుడు కూడా మానలేదు. మా ఆఫీసు మౌస్ నల్లది. కొన్నాళ్ళకి అది ఏ రంగుదో చెప్పలేకపోయేవాళ్ళం.

సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉండేవాడు. నవ్వు ముందు భుజాల్లో మొదలయ్యేది. భుజాలు ఎగరడం మొదలెట్టాక కాసేపటికి గొంతులోంచి చప్పుడు వచ్చేది. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. గుమ్మం దగ్గర నిలబడి కప్పు వైపు చూసి, గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చెయ్యి చాచి చూసుకుని, అప్పుడు "ఊ" అనేవాడు. ఆ "ఊ" బాగుందనా, బాగాలేదనా అని ఇంటివాళ్ళు హడలిపోయేవారు.

కంప్యూటరు వచ్చిన కొత్తల్లో ఆయన దాని వైపు చూసేవాడు కాదు. ఒకసారి నా వెనక నిలబడి, నల్లటి తెర మీద నేను గోడలు గీస్తుంటే చూశాడు.

"అమాస సీకట్లో ఇల్లు గీత్తన్నావేటి పాపా?" అన్నాడు. ఇంకాసేపు చూసి, "ఈ బొమ్మలన్నీ ఏటి? సంతలో సామాను ఇరబోసినట్టు ఇన్నెందుకు?" అన్నాడు.

"ఇవి టూల్‌బార్లు మావా. మీ స్కేళ్ళు, సెట్‌స్క్వేర్లు ఉంటాయి కదా, అలాగే ఇవీను. కావాలంటే జరుపుకోవచ్చు" అని ఒకదాన్ని పట్టుకుని లాగి చూపించాను.

అంతే. మర్నాడు నేను వచ్చేసరికి నా తెర నాది కాదు. పైనున్నవన్నీ కుడిపక్కకి వచ్చి నిలువుగా నిలబడ్డాయి. సగం గుర్తులు కనబడకుండా పోయాయి. మావ తన చెక్కబల్ల దగ్గర ఏమీ ఎరగనట్టు పెన్ను తుడుచుకుంటున్నాడు.

"మావా, నా టూల్‌బార్లన్నీ ఏమయ్యాయి?"

"సామానన్నది సేతికందాల, కంటికి అడ్డం రాకూడదు. సర్దినాను" అన్నాడు.

అప్పట్లో నా చేతి అలవాటు వేరు. నేనవన్నీ మళ్ళీ పైకి లాక్కున్నాను. మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేలోపు ఆయన మళ్ళీ దింపేశాడు. ఉన్నది ఒక్కటే సిస్టం. పొద్దుట నేను, భోజనాల తర్వాత ఆయన. సీటు మారినప్పుడల్లా సర్దుకోవడం, తిట్టుకోవడం. ఆయనకి తెర కూడా బల్లే. కూర్చోగానే "నా బల్లెవులు ముట్టుకున్నారు?" అని కేకేసేవాడు. ముట్టుకునేది నేనొక్కదాన్నే. అయినా ఆఫీసునిండా జనం ఉన్నట్టు అరిచేవాడు. కింద కిరాణా కొట్టాయన ఆ కేక విని "మావ డ్యూటీ ఎక్కీసినాడు" అనుకునేవాడట.

కొన్నాళ్ళకి ఇంజనీరు గారు క్యాడ్‌లో కొత్త వెర్షన్ వేయించారు. అందులో ఒక సదుపాయం వచ్చింది. ఎవరి తెర ఎలా సర్దుకున్నారో అలా పేరు పెట్టి దాచుకోవచ్చు. మళ్ళీ ఆ పేరు నొక్కితే సామానంతా ఎక్కడిదక్కడికి వచ్చి కూర్చుంటుంది. నేనది కనిపెట్టి, నాది 'పాప' అని దాచుకుని, ఆయన్ని కూర్చోబెట్టి ఆయన తెర 'మావ' అని దాచాను. పాప నొక్కాను. మావ నొక్కాను. మళ్ళీ పాప.

భుజాలు ఎగరడం మొదలయ్యాయి. "ఓలమ్మ! ఒక్క బల్లకి ఇద్దరు యజమానులు!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అదీ ఇదీ నొక్కుతూ పొద్దంతా ఆడుకున్నాడు. ఆ రోజు ప్లాన్లేమీ కదల్లేదు.

తెర రంగు దగ్గర మాత్రం రాజీ పడాల్సి వచ్చింది. దాచిన అమరికలో రంగు గుర్తుండేది కాదు. నాకు నలుపు కావాలి, ఆయనకి కాయితంలా తెలుపు కావాలి. చివరికి ఇద్దరికీ ఇష్టంలేని బూడిదరంగుకి ఒప్పుకున్నాం.

ఇక ఆయన్ని పట్టడం మా వల్ల కాలేదు. పనికొక బల్ల తయారుచేశాడు. కొలతలు వేసేటప్పుడు కొలతల గుర్తులు తప్ప ఇంకేవీ ఉండకూడదు. మెట్లు గీసేటప్పుడు ఒకటి. ఇంజనీరు గారి కోసం 'దొర' అని ఒకటి దాచాడు. ఆయన సైట్ల మీద తిరిగి వచ్చి, తొందరలో ఏదో నొక్కి, ఏదో చెరిపేసి వెళ్ళిపోయేవారు. 'దొర' బల్ల మీద రెండే గుర్తులు ఉండేవి. ఒకటి పెద్దది చేసి చూసుకోవడానికి, రెండోది ప్రింటు తీసుకోవడానికి.

"ఏమయ్యా, నా సామాను ఏదీ?" అన్నారు ఇంజనీరు గారు.

"తవరికి కావలసినవి ఈ రెండే బాబూ. మూడోది నొక్కితే మాకు రెండ్రోజులు పని."

ఇంజనీరు గారు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత సిస్టం ముందు కూర్చుంటే "నా బల్ల వెయ్యండి" అని అడిగి మరీ వేయించుకునేవారు.

అన్నిటికన్నా ఆయన ప్రాణం పెట్టి చేసింది మాత్రం 'అక్క' అనే బల్ల.

దాని వెనక ఆయన ఇంటి కథ ఉంది. నందిగాం దగ్గర ఆయన సొంతిల్లు పెళ్ళయిన కొత్తలో ఆయనే గీసుకుని కట్టుకున్నాడు. వంటగది గాలికి ఎదురుగా పడింది. పొయ్యి ముట్టిస్తే పొగంతా లోపలికే. గ్యాసు వచ్చేదాకా ఆయన భార్య ఆ పొగలోనే వండింది. "ఊరందరికీ ఇల్లు గీసినాడు, నాకు పొగ గీసినాడు" అని ఎవరొచ్చినా చెప్పేది ఆవిడ. మావ పక్కనే కూర్చుని తలూపేవాడు. "అప్పుడు దాన్నొక మాట అడిగుంటే సెప్పును పాపా. అడగలేదు" అనేవాడు నాతో.

ప్లాను కోసం మా ఆఫీసుకి మగవాళ్ళే వచ్చేవారు. వెంట ఆడవాళ్ళు వచ్చినా మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చునేవారు. మావ వాళ్ళని "రా అక్కా" అని పైకి పిలిచి సిస్టం ముందు కూర్చోబెట్టేవాడు. కానీ తెర నిండా ఉన్న ఆ గుర్తుల్ని చూసి వాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకునేవారు. అందుకని తెర మీద ఉన్నవన్నీ తీసిపారేసి, తన సొంత గుర్తులు తయారుచేశాడు. పొయ్యి, గుమ్మం, కిటికీ, బోరు, మంచం, రుబ్బురోలు. దేన్ని నొక్కితే ఆ వస్తువు ప్లానులోకి వచ్చి పడేలా వెనక రాయాల్సిన ఆదేశాలు నేను రాశాను. బొమ్మలు మాత్రం తనే వేస్తానని పట్టుబట్టాడు. ఆ బొమ్మలు చిన్న చిన్న గళ్ళు నింపుతూ వెయ్యాలి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కో గడీ నొక్కుతూ పొయ్యి బొమ్మ వేసి మురిసిపోయాడు.

మావ భార్య బజారు పని మీద టెక్కలి వచ్చి మేడెక్కింది. చూపించాడు.

"ఇదేటి, కప్పా?" అంది.

అదంతా చెరిపి మళ్ళీ వేశాడు. ఈసారి "ఆఁ, ఇప్పుడు పొయ్యిలాగుంది" అని ఆవిడ ఒప్పుకున్నాకే 'అక్క' బల్ల దాచాడు.

ఒక వేసవిలో ఉద్దానం కొబ్బరితోటల వైపు నుంచి ఒకతను వచ్చాడు. అతనిది మందస దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. కొబ్బరి వ్యాపారం. మొహం పీక్కుపోయి ఉంది. కూర్చోకుండానే చెప్పాడు.

"రెండు వొంటగదులు గావాల మావా. అమ్మకొకటి, మా ఇంటిదానికొకటి. రెండు వాకిళ్ళు. మజ్జిన గోడ. గోడ మాత్తరం గట్టిగా ఉండాల."

"ఎంత గట్టిగా?" అన్నాడు మావ.

"ఒకల మాట ఒకలికి ఇనబడకుండా."

తల్లీ, భార్యా ఇద్దరూ వెంట వచ్చారు. కింద బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునే చోటుంది. పెళ్ళయిన దగ్గర్నించి ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు, ఒకే పొయ్యి మీద పోట్లాడుకుంటున్నారు. ఇక వేరుపడతామని ఇద్దరూ తెగేసి చెప్పారట. పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేస్తున్నాడు కాబట్టి, కట్టేదేదో విడదీసే కట్టేస్తే పీడా పోతుందని అతను వచ్చాడు.

"గోడెడదాం. దానికేటి?" అన్నాడు మావ. "ముందు ఒండుకునేవోల్లని కూకోనియ్యి. నువ్వు మీ ఆవిడికి కిందన సోడా తాగించీసి రా."

ముసలావిడ పైకి వచ్చింది. చుట్ట మెట్ల దగ్గర ఆర్పి, చెవి మీద పెట్టుకుంది. ఆయాసానికి దగ్గుతూ కూర్చుని, మౌస్ వైపు అనుమానంగా చూసింది.

"కరుత్తాదేటి?"

"నిన్నా? దానికంత దైర్నం లేదు" అని మావ ఆవిడ అరచేతికి పౌడరు రాశాడు. ఆవిడ సిగ్గుపడిపోయింది. "ఈ వయిసులో నాకు పౌడరేటి బాబూ" అంటూనే రెండో చెయ్యి కూడా చాపింది.

నేను ఇంటి చుట్టూ గోడలు గీసి, నడుమ అడ్డగోడ పెట్టి ఉంచాను. 'అక్క' బల్ల వేశాం. మావ ఆవిడ చేతి మీద చెయ్యి వేసి ఒకసారి తిప్పి చూపించి వదిలేశాడు. పొయ్యి ఎక్కడ కావాలి, మంచం ఎక్కడ కావాలి అని అడుగుతూ పక్కన నిలబడ్డాడు. ఆవిడ తన సగంలో అన్నీ పెట్టుకుంది. పెట్టుకున్నాక కూడా లేవలేదు. కిటికీ గుర్తు మళ్ళీ నొక్కి, దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా అడ్డగోడ మీద పెట్టింది.

నేనేదో అనబోయాను. మావ కళ్ళతోనే ఆపాడు.

తర్వాత కోడలు వచ్చింది. అత్తగారు పెట్టినవేవీ ఆమెకి కనబడలేదు. ట్రేసింగ్ కాయితం మీద ట్రేసింగ్ కాయితం పరిచినట్టు క్యాడ్‌లో పొరలుంటాయి. ఒకదాన్ని కనబడకుండా ఆపేసి ఇంకొకటి వేసుకోవచ్చు. అత్తగారి పొర ఆపేసి ఉంచాం. ఈమెకి భయం లేదు. చకచకా తన సగం సర్దుకుంది. పొయ్యి, రోలు, పెరట్లోకి తలుపు. అంతా అయ్యాక చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు కూర్చుంది. తర్వాత గుమ్మం గుర్తు నొక్కి, అడ్డగోడ దగ్గరికి తీసుకెళ్ళి వదిలింది.

మావ ముగ్గుర్నీ పిలిచాడు. రెండు పొరలూ వేశాడు. అడ్డగోడ మీద ఒకే చోట, అత్తగారి కిటికీ మీద కోడలి గుమ్మం పడింది.

ముందు ముసలావిడే తేరుకుంది.

"నా కిటికీ మీద దాని గుమ్మం ఏటి?"

"ముందు నీ కిటికీ ఎందుకో సెప్పమ్మా" అన్నాడు మావ.

"మరి అది కూరలో ఉప్పెంతేత్తాదో సూడొద్దా? నా కొడుకు తినాల కదా ఆ కూర!"

"నీ గుమ్మం ఎందుకమ్మా?"

కోడలు నేల చూపులు చూస్తూ చెప్పింది. "ఆవిడికి రేత్రి దగ్గొత్తే ఊపిరాడదు. వాకిలి సుట్టూ తిరిగెల్లేసరికి ఏటైపోద్దో. ఆ సుట్ట మానమంటే మానదు."

"నా సుట్ట జోలికి రాకు" అంది అత్త. కానీ ఆ అనడంలో పస లేదు.

"మరి నాయినా," అన్నాడు మావ కొడుకు వైపు తిరిగి, "ఈవిడికి కిటికీ గావాలంట, ఆవిడికి గుమ్మం గావాలంట. ఇంక గోడెక్కడెట్టమంటావు?"

"గోడ గట్టిగా ఉండాలని మీరే గదా అన్నారు!" అని అతను ఇద్దరి మీదా అరిచాడు.

"అప్పుడన్నాం" అంది తల్లి. "తీసీ బాబూ, ఉత్తినే ఇటికలు దండగ."

మావ గోడ తీసేశాడు. అయితే అక్కడితో శాంతించారనుకుంటే పొరపాటు. గోడ పోయేసరికి ఆగ్నేయం మూల ఎవరిదని మొదలైంది. చాలాసేపు పోట్లాడుకుని, చివరికి ఆ మూలనే పొడుగాటి గట్టు, దాని మీద పక్కపక్కనే రెండు పొయ్యిలు, రెండింటికీ కలిపి ఒక పెద్ద కిటికీ అని ఒప్పుకున్నారు. కిటికీలోంచి కొబ్బరితోట కనబడాలని ఇద్దరూ ఒక్కసారే అని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్ళీ తిప్పుకున్నారు. దిగి వెళ్ళేటప్పుడు మెట్ల మీద ముసలావిడ కోడలి భుజం పట్టుకుని దిగింది.

వాళ్ళు వెళ్ళాక మావ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. "ఆల్లని అడిగినోడే లేడు పాపా" అన్నాడు. అని, ఆ మధ్యాహ్నమంతా పాట పాడుకుంటూ పనిచేశాడు.

మళ్ళీ ఏడాది ఎండలు రాకముందే ఆ ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి కొబ్బరి వ్యాపారి స్వయంగా వచ్చి పిలిచాడు. మావా నేనూ పలాసలో బస్సు మారి వెళ్ళాం. దారి పొడుగునా జీడితోటలు పూత మీద ఉన్నాయి. కొబ్బరిచెట్ల నడుమ ఇసుకలో తెల్లగా సున్నం వేసిన ఇల్లు. లోపలికి వెళ్ళేసరికి అత్తాకోడళ్ళిద్దరూ పొడుగు గట్టు ముందు పక్కపక్కనే నిలబడి వండుతున్నారు, తిట్టుకుంటున్నారు. పెద్ద కిటికీలోంచి గాలి వచ్చి పొగనీ, తిట్లనీ పెరట్లోకి ఊడ్చుకుపోతోంది. మావ చెయ్యి చాచి గాలి చూసుకుని "ఊ" అన్నాడు. ఇద్దరూ వంట ఆపి ఆయన వైపు చూశారు. ఆయన భుజాలు ఎగిరాక గానీ మళ్ళీ గరిట తిప్పలేదు.

పనసకాయ కూర ఇద్దరూ చెరొకటి వండారు. రెండూ తిని ఏది బాగుందో చెప్పమన్నారు. మావ రెండూ కలుపుకుని తిని తప్పించుకున్నాడు.

భోజనాలయ్యాక బయటికి వచ్చేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా కొబ్బరిచెట్ల కింద చేరి ఉన్నారు. మేడెక్కి కంప్యూటరు నొక్కితే కోరిన ఇల్లు వస్తుందని ముసలావిడ ఊరంతా చెప్పేసిందట. "మాకూ గియ్యి బాబూ" అన్నారు.

"కంప్యూటరు టెక్కల్లో ఉండిపోనాదమ్మా" అన్నాడు మావ. ఒక కొబ్బరి ఈనె తీసుకుని వాళ్ళ చేతికిచ్చాడు. "ఇసకుంది కదా. మీరే గియ్యండి."

ముందొకావిడ నవ్వుతూ నాలుగు గీతలు గీసింది. తర్వాత అందరూ ఈనెలు విరుచుకున్నారు. చూస్తూండగా కొబ్బరిచెట్ల కింద ఒక ఊరే లేచింది. ఒకావిడ గుమ్మం ముందు అరుగు గీసుకుంది. ఒకావిడ తన కూతురు చదువుకోవడానికి వేరే గది పెట్టింది. ఒక పెద్దావిడ ఇల్లంతా వదిలేసి పెరడే గీస్తూ కూర్చుంది. మావ ఒక్కో ఇంటికీ వెళ్ళి చూశాడు. గీతలు దాటి వెళ్ళలేదు. గుమ్మం ఎక్కడ గీశారో వెతుక్కుని, చెప్పులు బయట విప్పి, అక్కడి నుంచే లోపలికి వెళ్ళాడు. మళ్ళీ ఆ గుమ్మంలోంచే బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుని, పక్కింటికి వెళ్ళాడు.

మేం తిరిగి ఎక్కాల్సిన బస్సు రోడ్డు మీద ఆగి హారను కొట్టింది. ఎవరూ కదల్లేదు. ఇంకోసారి కొట్టింది. కండక్టరు విసుక్కుంటూ దిగి, "వచ్చీవోల్లున్నారా లేదా?" అని అరుస్తూ మావ వైపు గబగబా నడిచాడు.

"గోడ తొక్కీసినావు బాబూ!" అని ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు.

అతను ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. కాళ్ళ కింద ఇసుకలోకి చూసుకున్నాడు. బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. కండక్టరు గీత వెంబడే ఇంటి చుట్టూ నడిచి, గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విప్పాడు.